నికెల్ మీద సోల్డర్ పట్టకపోతే: ఏ ఫ్లక్స్ వాడాలి, ఏ తీగ కొనాలి, ఎక్కడ ఐరన్ పక్కన పెట్టాలి

"అన్నా, ఐరన్ 450కి పెట్టినా పట్టట్లేదు." మా వర్క్‌షాప్‌కి కొత్తగా వచ్చే కుర్రాళ్ల నోట ఎక్కువగా వినే మాట ఇది. చేతిలో బ్యాటరీ సెల్‌లని కలిపే నికెల్ స్ట్రిప్ ముక్క ఉంటుంది. దాని మీద సోల్డర్ తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా కూర్చుని ఉంటుంది. గోటితో నెడితే టప్పున ఊడిపోతుంది. స్ట్రిప్ మాత్రం వేడికి పసుపుగా, నీలంగా రంగు తిరిగి ఉంటుంది.

ఆ రంగు చూస్తే నాకు బాధేస్తుంది. పట్టకపోవడానికి కారణం వేడి చాలకపోవడం కాదు, లోహం మీదున్న ఆక్సైడ్ పొర. వేడి పెంచేకొద్దీ ఆ పొర మందమవుతుంది, దాన్ని తీయాల్సిన ఫ్లక్స్ మాడి బొగ్గవుతుంది. అంటే పెంచిన ప్రతి 20 డిగ్రీలకీ పని ఇంకాస్త కష్టమైంది.

బ్యాటరీ ప్యాకులు, చార్జర్లు, కంట్రోల్ బోర్డులు చేస్తూ నేను నమ్మిన పద్ధతి ముందే చెప్పేస్తాను. ఘాటైన ఫ్లక్స్ అవసరమైతే అది బోర్డు మీద వాడకూడదు, విడిగా ఉన్న ముక్క మీదే వాడాలి. ముక్కకి సోల్డర్ పూత పట్టించి, కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత మామూలు రోజిన్ తీగతో, అంటే లోపల పైన్ చెట్టు జిగురు ఫ్లక్స్‌గా ఉన్న సోల్డర్ తీగతో, బోర్డుకి అతకాలి. ఏ ఫ్లక్స్, ఏ తీగ అన్న ఎంపికలన్నీ ఈ రెండంచెల పనిని దృష్టిలో పెట్టుకునే చేసుకోవాలి.

కళాయి వేసేవాళ్లకి తెలిసిన సంగతి

మా చిన్నప్పుడు ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు. గిన్నెని ముందు బాగా తోమి, కొలిమి మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లేవాళ్లు. గుప్పున తెల్లటి పొగ లేచేది. వెంటనే తగరం ముట్టించి దూదితో రుద్దితే గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. నవాసాగరం వెయ్యకుండా తగరం పెడితే ఉండలు కట్టి జారిపోతుంది. నవాసాగరం అంటే అమోనియం క్లోరైడ్. వేడికి అది విడిపోయి ఇత్తడి మీది ఆక్సైడ్‌ని తినేస్తుంది. అలా బయటపడిన శుభ్రమైన లోహం మీద తగరం పరుచుకుంటుంది.

ఎలక్ట్రానిక్స్‌లో ఫ్లక్స్ చేసేదీ ఇదే. సోల్డర్ అతుకు జిగురు అతుకు లాంటిది కాదు. కరిగిన తగరం కింది లోహంతో కలిసి మధ్యలో ఒక సన్నని మిశ్రమ పొర పుట్టాలి. రాగి మీద ఆ పొర ఒకటి రెండు సెకన్లలో పుట్టేస్తుంది. ఎందుకంటే రాగి ఆక్సైడ్‌ని రోజిన్‌లోని అబియటిక్ యాసిడ్ సులువుగా కరిగిస్తుంది, రాగి కూడా సోల్డర్‌లో త్వరగా కరుగుతుంది. నికెల్ దగ్గర ఈ రెండూ జరగవు. నికెల్ ఆక్సైడ్ మందం కొన్ని నానోమీటర్లే అయినా మొండిది, ఉత్త రోజిన్‌కి లొంగదు. పొర పోయాక కూడా నికెల్ సోల్డర్‌లో చాలా నెమ్మదిగా కరుగుతుంది. అందుకే రాగి ప్యాడ్ మీద 2 సెకన్లు చాలే చోట నికెల్ మీద 4 సెకన్లు ఐరన్ ఆపాల్సి వస్తుంది.

ఈ నెమ్మదితనం వల్ల ఒక మేలు కూడా ఉంది. ఇత్తడి పిన్‌కి నేరుగా తగరం పూత వేస్తే ఇత్తడిలోని జింక్ మెల్లగా పూత పైకి వచ్చి ఆక్సైడ్ అవుతుంది. ఏడాది తర్వాత ఆ పిన్ సోల్డర్‌ని పట్టదు. మధ్యలో సన్నని నికెల్ పొర ఉంటే జింక్ దాన్ని దాటలేదు. కాబట్టి నికెల్ ఎక్కడ కనిపించినా తిట్టుకోనక్కర్లేదు, చాలా చోట్ల అది కావాలని పెట్టిన గోడ.

ముందు అది ఏ లోహమో తేల్చుకోండి

తెల్లగా మెరిసేదల్లా నికెల్ కాదు. అది స్టెయిన్‌లెస్ కావచ్చు, జర్మన్ సిల్వర్ కావచ్చు, ఇత్తడి మీద నికెల్ పూత కావచ్చు, ఇనుము మీద నికెల్ పూత కావచ్చు. ఏ ఫ్లక్స్ పని చేస్తుందో దీన్ని బట్టే ఉంటుంది.

అయస్కాంతం ఇక్కడ సగం దారే చూపిస్తుంది. నికెల్‌కీ అయస్కాంతం అంటుకుంటుంది, ఇనుముకీ అంటుకుంటుంది. స్వచ్ఛమైన నికెల్ స్ట్రిప్ అని ఇనుప స్ట్రిప్ అంటగట్టేవాళ్లు అయస్కాంతం పెట్టి చూపించి "చూడండి సార్, ప్యూర్ నికెల్" అంటుంటారు. ఆ పరీక్ష నమ్మకండి. స్ట్రిప్ మీద ఆకురాయితో లోతుగా గీత గీసి రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచండి. తెల్లారి గీతలో ఎర్రటి తుప్పు కనిపిస్తే లోపల ఇనుమే. గ్రైండర్‌కి ముట్టించినా తెలుస్తుంది. ఇనుము మతాబులా నిప్పురవ్వలు చిమ్ముతుంది, నికెల్‌కి రవ్వలు దాదాపు రావు.

కనెక్టర్ లగ్ (తీగ అతికే లోహపు కొస) అయితే ఒక మూల ఆకురాయితో రుద్దండి. కింద పసుపు కనిపిస్తే అది ఇత్తడి, మీ అదృష్టం బాగుంది. సోల్డర్ పడాల్సిన చోట పై నికెల్‌ని గీకేసి ఇత్తడి తేల్చండి, మామూలు రోజిన్ తీగే చక్కగా పడుతుంది. యాంటెన్నా కేబుల్‌కి వేసే పీఎల్-259 కనెక్టర్ల విషయంలో హామ్ రేడియో వాళ్లు చేసే పని ఇదే. నికెల్ పూత బాడీలో సోల్డర్ రంధ్రాల అంచుల్ని ఆకురాయితో రుద్దాకే కేబుల్ లోపలి రాగి అల్లికని అతుకుతారు. కొనేటప్పుడే వెండి పూత బాడీ తీసుకుంటే ఈ గొడవే ఉండదు. ధర ఎక్కువే, అయినా నేను దానికే ఓటు వేస్తాను. బాడీని ఎక్కువసేపు కాల్చాల్సి వస్తే లోపల కేబుల్ ఇన్సులేషన్ కరిగి మొత్తం కనెక్టరే పాడవుతుంది.

జర్మన్ సిల్వర్ అంటే మన ఇళ్లలో పూజ సామాను గుర్తొస్తుంది. అందులో వెండి ఏమీ ఉండదు. రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం అది. ఫోన్ బోర్డుల మీద సిగ్నల్ భాగాల్ని కప్పే చిన్న డబ్బాలు చాలావరకు దీనితోనే చేస్తారు. రాగి ఎక్కువ కాబట్టి కాస్త చురుకైన రోజిన్ ఫ్లక్స్‌కి లొంగుతుంది.

ఫ్లక్స్: అసలు ఎంపిక ఇక్కడే

ఫ్లక్స్ డబ్బా మీద నాలుగు అక్షరాల కోడ్ ఉంటే దాన్ని చదవడం నేర్చుకోండి. ప్రకటనల్లో రాసే మాటల కంటే అది నిజం చెబుతుంది. మొదటి రెండు అక్షరాలు పదార్థాన్ని చెబుతాయి. ఆర్‌ఓ అంటే రోజిన్, ఓఆర్ అంటే ఆర్గానిక్, ఐఎన్ అంటే లవణాలూ ఖనిజ ఆమ్లాలూ ఉన్నది. మూడో అక్షరం ఘాటు: ఎల్ తక్కువ, ఎం మధ్యస్థం, హెచ్ ఎక్కువ. చివరి అంకె 0 అయితే క్లోరైడ్, బ్రోమైడ్ లాంటి హాలైడ్‌లు దాదాపు లేవని, 1 అయితే ఉన్నాయని అర్థం. ఈ కోడ్ లేని డబ్బాని విలువైన బోర్డు దగ్గరికి నేను రానివ్వను.

ఆర్‌ఓఎల్‌0, అంటే అందరూ నో-క్లీన్ అనే రకం, రాగికీ తగరం పూతకీ చాలు. నికెల్ మీద దీనితో కుస్తీ పట్టొద్దు. మంచి బంగారు పూత కింద దాగి ఉన్న తాజా నికెల్ అయితేనే పని చేస్తుంది.

ఆర్‌ఓఎల్‌1, ఆర్‌ఓఎం1 రకాల్లో రోజిన్‌తో పాటు కొద్దిగా హాలైడ్ ఉంటుంది. కొత్త నికెల్ స్ట్రిప్, నికెల్ పూత లగ్‌లు, జర్మన్ సిల్వర్, కరెంట్ కొలిచే షంట్‌లలో వాడే మాంగనిన్, కాన్‌స్టాంటన్ లాంటి రాగి మిశ్రమ లోహాలు అన్నిటికీ నా మొదటి ఎంపిక ఇదే. ముందు 400 నంబర్ ఎమరీ పేపర్‌తో నాలుగుసార్లు రుద్ది, ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి, వెంటనే ఫ్లక్స్ రాసి పూత పట్టించాలి. రుద్దేసి టీ తాగడానికి వెళ్తే రుద్దిన ఫలితం పోతుంది. పని అయ్యాక మిగిలిన ఫ్లక్స్‌ని ఐపీఏతో బ్రష్ పెట్టి తీసేయాలి.

నీళ్లతో కడిగే ఆర్గానిక్ యాసిడ్ ఫ్లక్స్, ఓఆర్‌హెచ్‌1 లాంటివి, పాతబడిన నికెల్‌ని కూడా బాగానే లొంగదీస్తాయి. మూడేళ్లు గోడౌన్‌లో పడున్న పిన్‌ల మీద ఇది చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. కానీ పేరులోనే ఉంది షరతు, కడగాలి. అదీ ఐపీఏతో కాదు, గోరువెచ్చని నీళ్లతో, చివర డీఅయనైజ్డ్ నీళ్లతో. కుళాయి నీళ్లలోనే లవణాలుంటాయి కాబట్టి దానితోనే ఆపకూడదు. నీళ్లు దూరితే బయటికి రాని రిలేలు, స్విచ్‌లు, బజర్లు ఉన్న బోర్డు మీద ఇది వాడొద్దు. అల్లిక తీగకీ వద్దు. ఫ్లక్స్ ఇన్సులేషన్ కిందికి పీల్చుకుపోతే ఎంత కడిగినా రాదు, లోపల తీగ ఆరు నెలల్లో నల్లబడి తెగుతుంది.

ఇక ఫాస్ఫారిక్ యాసిడ్ ఫ్లక్స్, జింక్ క్లోరైడ్ ఫ్లక్స్. స్టెయిన్‌లెస్ మీద ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర రోజిన్‌నీ ఆర్గానిక్ యాసిడ్‌నీ లెక్కచేయదు, దానికి ఈ రెండిట్లో ఒకటి కావాల్సిందే. ఆటోనగర్‌లో ఇత్తడి రేడియేటర్లకి మాట్లు వేసేవాళ్లు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో జింక్ ముక్కలు వేసి తయారు చేసుకునేది జింక్ క్లోరైడే. రేడియేటర్‌కి అది సరైన మందు. ఎలక్ట్రానిక్స్‌కి మాత్రం ఈ రెండిట్లో నేను ఫాస్ఫారిక్‌నే ఎంచుకుంటాను. జింక్ క్లోరైడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ఎక్కడో ఒక మూల చుక్క మిగిలినా అక్కడ తడి నిలిచి రాగిని తింటూనే ఉంటుంది. ఫాస్ఫారిక్‌లో క్లోరైడ్ ఉండదు, నీళ్లకి తేలిగ్గా పోతుంది. ఎక్కువ కాలిస్తే నల్లగా మాడుతుంది కాబట్టి పని త్వరగా ముగించాలి. ఏది వాడినా విడి ముక్క మీదే. నీళ్లు, తర్వాత వంటసోడా కలిపిన నీళ్లు, మళ్లీ మంచినీళ్లు, చివర ఐపీఏ, ఆ తర్వాతే ఆ ముక్క బోర్డు దగ్గరికి రావాలి. కళ్లద్దాలు, కిటికీ పక్కన ఫ్యాన్ తప్పనిసరి. రోజిన్ పొగ కూడా ఉబ్బసం తెచ్చిపెట్టగలదు, దాన్ని తక్కువ అంచనా వేయొద్దు.

ఈ జాగ్రత్త నాకు ఊరికే రాలేదు. ఒక వేసవిలో ఎమర్జెన్సీ లైట్ల ఆర్డర్ చేశాం. బ్యాటరీ లగ్‌లు మొండిగా ఉన్నాయని ఒక షాపులో పసుపు రంగు పేస్ట్ కొన్నాను. డబ్బా మీద తుప్పు పట్టించదని రాసి ఉంది. సోల్డర్ నీళ్లలా పరుచుకుంది. కోడ్ లేదు, నేను అడగలేదు. వానాకాలం వచ్చాక లైట్లు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. లగ్ చుట్టూ పచ్చటి పొడి, బోర్డు మీద రెండు ట్రాక్‌లు తినేసి ఉన్నాయి. అన్నీ వెనక్కి తీసుకుని కొత్తగా చేసిచ్చాం. కాకినాడ, విశాఖ వైపు ఇచ్చినవి అన్నిటికంటే ముందు పోయాయి, సముద్రపు గాలి తేమకి ఆ పేస్ట్ అంత త్వరగా పని మొదలుపెట్టింది.

అప్పటి నుంచి ఏ కొత్త పేస్ట్ వచ్చినా మేకు పరీక్ష చేస్తాం. మెరిసే ఇనుప మేకుని, గీకిన రాగి తీగని తీసుకుని సగానికి పేస్ట్ రాస్తాం. ఒకసారి వేడి చేసి, తడి గుడ్డ ఉన్న డబ్బాలో మూత పెట్టి మూడు రోజులు వదిలేస్తాం. మేకు ఎర్రబడినా, రాగి పచ్చబడినా ఆ పేస్ట్ బోర్డు గదిలోకి రాదు.

సోల్డర్ తీగలో తేడా ఎంత

ఫ్లక్స్ అంత కాకపోయినా తేడా ఉంటుంది. సీసం కలిస్తే కరిగిన తగరం తలతన్యత తగ్గి బాగా పరుచుకుంటుంది. అందుకే మొండి లోహాల మీద 63/37 తీగకి, అంటే 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం ఉన్నదానికి, సాటి లేదు. 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60/40 కూడా దగ్గరదే. కానీ షాపులో ఊరికే లెడ్ అని అడిగితే తగరం తక్కువున్న చవక తీగ చేతిలో పెడతారు. 40 పాళ్ల తగరం, 60 పాళ్ల సీసం ఉన్నది పూర్తిగా కరగడానికి 238 డిగ్రీల దాకా వెళ్లాలి. చల్లారేటప్పుడు చాలాసేపు ముద్దగా ఉంటుంది, ఆ సమయంలో తీగ కదిలితే అతుకు పగులుతుంది. నికెల్ మీద సోల్డర్ పట్టలేదని నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరి సమస్య ఈ తీగే. ఒక చుక్క కరిగించి చూడండి. అద్దంలా మెరుస్తూ టక్కున గట్టిపడితే మంచిది, గరుకుగా బూడిద రంగులో నెమ్మదిగా గడ్డకడితే తగరం తక్కువ.

ఎగుమతి చేసే సరుకైతే సీసం లేని తీగ తప్పదు. ఐరోపాలో 2006 జులై 1 నుంచి సీసం మీద 0.1 శాతం పరిమితి ఉంది, మన ఈ-వ్యర్థాల నిబంధనల్లోనూ అలాంటి పరిమితి ఉంది. అప్పుడు ఎంపిక ప్రధానంగా రెండిటి మధ్య. ఎస్‌ఏసీ305లో 3 శాతం వెండి, అర శాతం రాగి, మిగతా తగరం; 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగుతుంది. తగరం 99.3, రాగి 0.7 ఉన్నది 227 దగ్గర కరుగుతుంది. రెండోది చవక, కానీ నికెల్ మీద మొదటిదే మెరుగ్గా పరుచుకుంటుంది. చేత్తో సోల్డర్ చేసేవాళ్లు డబ్బు ఆదా చెయ్యాల్సిన చోటు ఇది కాదు.

బిస్మత్ తీగ, అంటే 42 పాళ్ల తగరం, 58 పాళ్ల బిస్మత్, 138 డిగ్రీలకే కరుగుతుంది. వేడికి తట్టుకోని భాగాలకి మంచిదని నికెల్‌కీ వాడబోతారు. అంత తక్కువ వేడిలో చాలా ఫ్లక్స్‌లు సరిగ్గా పని మొదలుపెట్టవు, నికెల్ ఆక్సైడ్ అలాగే ఉంటుంది. ఇంకో ప్రమాదం, పాత సీసం సోల్డర్ మిగిలిన చోట బిస్మత్ కలిస్తే 96 డిగ్రీల దగ్గరే కరిగే మిశ్రమం పుడుతుంది. పవర్ ట్రాన్సిస్టర్ పక్కన అలాంటి అతుకు ఉంటే ఒక వేసవి కూడా గడవదు.

ఐరన్ గురించి రెండే మాటలు. 63/37కి 320 నుంచి 350, సీసం లేనిదానికి 350 నుంచి 370 చాలు. అంకె పెంచే బదులు మొన మార్చండి. సూది మొన తీసి వెడల్పు ఉలి మొన పెడితే అదే 330 దగ్గర వేడి రెట్టింపు త్వరగా దిగుతుంది.

సెల్ స్ట్రిప్‌లు: సోల్డరా, స్పాట్ వెల్డా

ఎక్కువమంది అడిగేది 18650 అనే గొట్టం ఆకారపు లిథియం సెల్ ప్యాకుల గురించే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. సెల్ మీదికి నేరుగా సోల్డర్ చెయ్యొద్దు. సెల్ డబ్బా నికెల్ పూత వేసిన ఇనుము, పైగా పెద్ద ముద్ద. వేడి అంతా లోపలికి లాగేస్తుంది. లోపల సెపరేటర్‌గా ఉండే పాలిథిన్ పొర సుమారు 130 డిగ్రీలకే మెత్తబడి కరుగుతుంది. ఐరన్ 350 ఉంది. బయట సోల్డర్ చక్కగా పట్టి, లోపల సెల్ దెబ్బతిని, ఆ సంగతి నెలల తర్వాత తెలియవచ్చు. అది ఇంట్లో నిప్పు. దీని మీద నేను రాజీపడను.

సెల్‌కి స్ట్రిప్ స్పాట్ వెల్డ్ (క్షణకాలం పెద్ద కరెంట్ పంపి అతకడం), స్ట్రిప్‌కి తీగ సోల్డర్, ఈ పద్ధతి సరైనది. నికెల్‌కి విద్యుత్ నిరోధం రాగి కంటే నాలుగు రెట్లు కాబట్టి వెల్డ్ కరెంట్‌కి అది చక్కగా వేడెక్కి అతుక్కుంటుంది. సోల్డరింగ్ మాత్రం వెల్డ్‌కి ముందే చెయ్యాలి. స్ట్రిప్ కొసని టేబుల్ మీద పెట్టి, రుద్ది, ఆర్‌ఓఎం1 రాసి పూత పట్టించి, తీగ అతికి, తుడిచి, అప్పుడు సెల్ మీదికి తీసుకెళ్లాలి. అలా చేస్తే 5 సెకన్లు కాల్చినా సెల్‌కి ఏమీ కాదు.

స్వచ్ఛమైన నికెల్, నికెల్ పూత ఇనుము, ఈ రెండిట్లో సోల్డర్ పట్టడంలో పెద్ద తేడా ఉండదు, పూత మంచిదైతే ఇనుప స్ట్రిప్ ఒక్కోసారి ఇంకా తేలిగ్గా పడుతుంది. తేడా కరెంట్‌లో ఉంది. 8 మిల్లీమీటర్ల వెడల్పు, 0.15 మిల్లీమీటర్ల మందం ఉన్న నికెల్ స్ట్రిప్ 10 సెంటీమీటర్లకి సుమారు 6 మిల్లీఓమ్‌లు. 10 ఆంపియర్లు పారితే అర వాట్ కంటే కొంచెం ఎక్కువ వేడి. ఇనుముకి ఇది దాదాపు రెట్టింపవుతుంది, పైగా ఎమరీతో రుద్దిన చోట పూత పోయి తుప్పు మొదలవుతుంది. టార్చ్‌కి, చిన్న సోలార్ లైట్‌కి ఇనుప స్ట్రిప్ పర్వాలేదు. ఎలక్ట్రిక్ సైకిల్‌కి, ఇన్వర్టర్‌కి స్వచ్ఛమైన నికెల్ తప్ప ఇంకోటి వేయకండి.

సీఆర్2032 లాంటి బిళ్ల సెల్ డబ్బా స్టెయిన్‌లెస్. దానికి యాసిడ్ రాసి సోల్డర్ చేయాలని చూసేవాళ్లని ఆపండి, లిథియం సెల్ వేడికి పేలగలదు. ట్యాబ్ వెల్డ్ చేసిన సెల్ దొరుకుతుంది, లేదా హోల్డర్ పెట్టండి.

బంగారు పూత బోర్డులు

ఎనిగ్, అంటే నికెల్ మీద బంగారు పూత వేసిన బోర్డు మీద మెరిసేది బంగారమే, కానీ సోల్డర్ అతుక్కునేది బంగారానికి కాదు. పైన 0.05 నుంచి 0.1 మైక్రాన్ బంగారం, కింద 3 నుంచి 6 మైక్రాన్ల నికెల్ ఉంటాయి. కరిగిన సోల్డర్ తగలగానే బంగారం అందులో కరిగిపోతుంది, అతుకు నికెల్‌తోనే పడుతుంది. బంగారం పని నికెల్ తుప్పు పట్టకుండా గొడుగులా కాయడమే. గొడుగు పలచగా, చిల్లులతో ఉంటే కింద నికెల్ ఆక్సైడ్ అయిపోతుంది. అలాంటి పాత బోర్డుని చురుకైన రోజిన్ ఫ్లక్స్ చాలాసార్లు కాపాడుతుంది.

కాపాడలేనిది బ్లాక్ ప్యాడ్. తయారీలో బంగారు ద్రావణం నికెల్‌ని అతిగా తినేస్తే ఇది వస్తుంది. సోల్డర్ పట్టినట్టే కనిపిస్తుంది, భాగం కాస్త వంగగానే అతుకు పలకలా ఊడి కింద ముదురు బూడిద, నలుపు రంగు బయటపడుతుంది. దీనికి ఫ్లక్స్ మందు కాదు, బోర్డు తిప్పి పంపడమే. అందుకే చేత్తో సోల్డర్ చేసే, పెద్ద భాగాలున్న బోర్డుకి నేను ఎనిగ్ బదులు హెచ్‌ఏఎస్‌ఎల్, అంటే కరిగిన సోల్డర్‌లో ముంచి వేసే పూతే ఆర్డర్ చేస్తాను. కాళ్లు దగ్గర దగ్గరగా ఉండే ఐసీలు, కింద బంతులుండే చిప్‌లు ఉంటే ప్యాడ్‌లు చదునుగా ఉండాలి, అప్పుడు ఎనిగ్‌కే డబ్బు పెట్టాలి. ఉత్త రాగి మీద ఓఎస్‌పీ అనే సన్నని ఆర్గానిక్ పూత చవకే కానీ త్వరగా పాతబడుతుంది, ఆర్డర్ వచ్చిన నెలలోనే వాడేసేవాళ్లకి సరిపోతుంది.

మందమైన బంగారం ఉన్న కనెక్టర్ పిన్‌కి ఇబ్బంది వేరే రకం. సోల్డర్ అద్భుతంగా పరుచుకుంటుంది, కానీ అతుకులో బంగారం బరువులో 3 శాతం దాటితే పెళుసవుతుంది. ముందు ఒకసారి పూత పట్టించి, ఆ సోల్డర్‌ని పీల్చే రాగి అల్లికతో తీసేసి, కొత్త సోల్డర్‌తో అతకాలి.

ఐరన్ పక్కన పెట్టాల్సిన చోట్లు

పాత లోహపు డబ్బా ట్రాన్సిస్టర్ల కాళ్లు కోవార్ అనే ఇనుము-నికెల్-కోబాల్ట్ లోహంతో చేస్తారు, గాజుతో సమానంగా వ్యాకోచిస్తుందని. పైపూత బాగున్నంతకాలం సోల్డర్ పడుతుంది, పూత పోతే రోజిన్‌కి లొంగదు. దీన్ని విడిగా పూత పట్టించి కడిగితే దారికొస్తుంది.

అల్యూమినియం మీద ప్రత్యేక ఫ్లక్స్‌తో, తగరం-జింక్ తీగతో సోల్డర్ పట్టించవచ్చు. అయినా తేమ తగిలే చోట ఆ అతుకు ఎక్కువ కాలం నిలవదు. లగ్ వేసి బోల్ట్ బిగించడమే మేలు.

నిక్రోమ్ తీగ సంగతి ఇంకా స్పష్టం. 80 శాతం నికెల్, 20 శాతం క్రోమియం. ఫాస్ఫారిక్‌తో సోల్డర్ పట్టించవచ్చు, నేను పట్టించాను కూడా. కానీ హీటర్‌లో ఆ తీగ ఎర్రగా కాలుతుంది, సోల్డర్ 183కే కరుగుతుంది. ఇత్తడి స్క్రూ టెర్మినల్, లేదా నికెల్ పూత ఇనుప స్లీవ్‌ని నొక్కి బిగించే క్రింప్, ఈ రెండే దారులు. వేడిని కొలిచే కే రకం థర్మోకపుల్ తీగలు కూడా నికెల్ లోహాలే, వాటి కొసని వెల్డ్ చేస్తారు. 100 డిగ్రీల లోపు కొలిచే పనికి మాత్రం ఫాస్ఫారిక్‌తో పూత పట్టించి అతికినా కొలత చెడదు, ఎందుకంటే అతుకంతా ఒకే వేడిలో ఉంటే మధ్యలో ఉన్న మూడో లోహం ఓల్టేజ్‌ని మార్చదు. ఓవెన్ పని వచ్చినరోజు మాత్రం మా బల్ల మీదికి క్రింపింగ్ ప్లయర్ వస్తుంది, ఐరన్ ప్లగ్ కూడా పెట్టం.